జేబీఎల్ ఎల్100 సెంచరీ: పదేళ్ల వాడకం తర్వాత

స్టూడియోల్లో వాడే 4310 మానిటర్‌ను ఇళ్లకు తగ్గట్టు మలిచి జేబీఎల్ 1970లో తెచ్చిన స్పీకర్ ఇది. లోతైన శబ్దాలకు 12 అంగుళాల తెల్ల వూఫర్, మధ్య శబ్దాలకు 5 అంగుళాల మిడ్, సన్నని శబ్దాలకు 1.4 అంగుళాల పేపర్ కోన్ ట్వీటర్.

దీని అందమంతా క్రాసోవర్‌లో, అంటే ఆ మూడింటికీ శబ్దాన్ని పంచే సర్క్యూట్‌లో ఉంది. వూఫర్‌కు అసలు ఫిల్టరే లేదు, ఆంప్ (ఆంప్లిఫయర్) పంపింది పంపినట్టే అందుతుంది. మిడ్‌కు 8, ట్వీటర్‌కు 3 మైక్రోఫారడ్ల కెపాసిటర్ ఒక్కొక్కటి, అంతే. మృదంగం ఎడమవైపు మోత ఇందులో గదిలోనే వాయిస్తున్నట్టు నిండుగా వస్తుంది. గొంతు కొంచెం ముందుకొస్తుంది, సౌండ్ పెంచితే వయొలిన్ గరుకెక్కుతుంది. అట్టడుగు బేస్ మాత్రం ఆశించకండి.

కొనేటప్పుడు అందరూ బెదిరేది గ్రిల్‌కే. ఆ గళ్ల ఫోమ్ ముట్టుకుంటే పొడిగా రాలిపోతుంది. రాలనివ్వండి, కొత్తవి దొరుకుతాయి. కోన్ మీద పడ్డ పొడిని మెత్తటి బ్రష్‌తోనే దులపాలి, తడిగుడ్డ పెడితే తెల్లపూత మరకలవుతుంది. వూఫర్ అంచు ఫోమ్ కాదు, బట్ట. ఇన్నేళ్లయినా ఇవి మోగుతున్నాయంటే అదే కారణం. వేళ్లతో కోన్‌ను సమంగా, మెల్లగా నొక్కండి. గరగర వినిపిస్తే కోన్‌ను కదిపే తీగచుట్ట, అంటే కాయిల్, రాసుకుంటోంది, ఆ జత వదిలేయండి.

"ట్వీటర్ పోయింది" అని అమ్మే జతల్లో చాలాసార్లు పోయేది ముందు పలక మీది ప్రెజెన్స్, బ్రిలియన్స్ నాబ్‌ల వెనకున్న ఎల్-ప్యాడ్, అంటే మిడ్, ట్వీటర్ల మోతను పెంచి తగ్గించే భాగం. ఏళ్ల తరబడి ఒకేచోట ఉండి, లోపలి తీగచుట్టకు చిలుము పడుతుంది. ఆంప్ ఆపి, వూఫర్ విప్పి, ఎల్-ప్యాడ్ లోపలికి కాస్త కాంటాక్ట్ క్లీనర్ కొట్టి, నాబ్‌ను ఈ చివర నుంచి ఆ చివరకు ముప్పైసార్లు తిప్పండి. అయినా చిటపట ఆగకపోతే కొత్త 8 ఓమ్‌ల ఎల్-ప్యాడ్ వేయాలి. ట్వీటర్‌ను మీటర్‌తో చూడాలంటే దాని తీగ ఒకటి ఊడదీశాకే చూడండి. లేకపోతే ఎల్-ప్యాడ్ రీడింగ్ కలిసి, తెగిన కాయిల్ కూడా బాగున్నట్టే చూపిస్తుంది.

చివరగా 1.5 వోల్టుల బ్యాటరీ పరీక్ష. ప్లస్‌ను ఎర్ర టెర్మినల్‌కు క్షణం తాకిస్తే వూఫర్ లోపలికి పోతుంది. పాత జేబీఎల్ పద్ధతే అది, లోపం కాదు. రెండు పెట్టెల్లోనూ అలాగే పోవాలి. ఒకటి బయటికి వస్తే ఎవరో తీగలు తారుమారు చేశారన్నమాట. సరిచేసి మళ్లీ వినండి, పలచబడ్డ బేస్ తిరిగొస్తుంది.