పప్పు పది యూరోలు, వెచ్చదనం పదిహేను

ఊరికి నూటికి నూరు వేస్తాను. దిగిన గదికి మాత్రం పాస్ మార్కులు కూడా వేయను.

ఇటలీలో అబ్రుత్సో కొండల మధ్య, 1,250 మీటర్ల ఎత్తున ఉంటుంది సాంతో స్తెఫానో ది సెస్సానియో. ఊరంతా కలిపినా జనం వంద చిల్లరే. అక్టోబరు మొదట్లో నేను, మా ఆవిడ, అత్తయ్య వెళ్లాం. రోమ్ నుంచి లాక్విలా దాకా బస్సు, అక్కణ్ణుంచి టాక్సీకి 60 యూరోలు. ఇంతవరకు ఏ పేచీ లేదు.

గది రోజుకు 85 యూరోలు. బుకింగ్‌లో హీటింగ్ ఉందని రాశారు. ఉంది కూడా, గోడకు చల్లగా వేలాడుతూ! అవి రాతి గోడలు, ఏడయ్యేసరికి చలి ఎముకల్లోకి దిగింది. ఓనర్‌కి మెసేజ్ పెడితే రాత్రికి 15 యూరోలు ముందే క్యాష్ ఇవ్వాలన్నాడు. రసీదు అడిగితే నవ్వి ఊరుకున్నాడు. అత్తయ్య రెండు శాలువాలు కప్పుకుని, "ఇంత డబ్బు పోసి వణకడానికి వచ్చామా అల్లుడుగారూ?" అన్నారు. మా ఆవిడ అదీ అనలేదు, అసలు మాట్లాడితేగా! కట్టేశాను.

ఆ రాత్రి మమ్మల్ని కాపాడింది పప్పు. ఆ ఊరి పొలాల్లో పండేదే. మన మసూర్ కంటే చిన్న గింజ, ముదురు గోధుమ రంగు, నానబెట్టే పని లేదు. వెల్లుల్లి, బిర్యానీ ఆకు, ఆలివ్ నూనె వేసి ఉడికించి, పైన వేయించిన రొట్టె ముక్కలు వేసి ఇచ్చారు. గిన్నె 10 యూరోలు. పోపు లేదు, పులుపు లేదు, అయినా అత్తయ్య మారు వడ్డించమన్నారు. తర్వాత హ్యాండ్‌బ్యాగ్‌లోంచి కారప్పొడి తీస్తే వడ్డించే ఆవిడ కూడా అడిగి చల్లుకుంది. దగ్గుతూనే ఇంకొంచెం వేసుకుంది. బిల్లులో మనిషికి 2 యూరోలు 'కోపెర్తో', అంటే టేబుల్ దగ్గర కూర్చున్నందుకు చార్జీ, వేస్తారు. అది అక్కడ మామూలే, గొడవ పెట్టుకోకండి. శాకాహారులు మాత్రం పప్పులో సాసేజ్ వేశారేమో అడగాలి.

మర్నాడు కొండదారిన నడిచి రోక్కా కలాషో కోట చూశాం, బాగుంది. 2009 భూకంపంలో కూలిన ఊరి బురుజును మళ్లీ కట్టారు. మిగతా టైమంతా సందుల్లో తిరగడం, ఎండలో కూర్చోవడం. ఇంకేదైనా కావాలనుకునేవాళ్లు ఇక్కడికి రావద్దు.

చలి రోజుల్లో వెళ్తుంటే హీటింగ్‌కి విడిగా ఎంతో బుక్ చేసేముందే మెసేజ్‌లో రాయించుకోండి. ఫోన్లో చెప్పింది చెల్లదు.