బలాలతో మొదలా, పరిష్కారంతో మొదలా?

పిల్లల రక్షణ పనిలో బలాల ఆధారిత పద్ధతినీ, పరిష్కార కేంద్రిత పద్ధతినీ కలిపేసి మాట్లాడటం మామూలే. కానీ మొదటి ప్రశ్న దగ్గరే దారులు వేరవుతాయి.

1980లలో అమెరికాలోని కాన్సాస్ విశ్వవిద్యాలయంలో రూపు కట్టిన బలాల ఆధారిత పద్ధతి "ఈ కుటుంబానికి ఏమున్నాయి?" అని అడుగుతుంది. పిల్లవాడు నమ్మే పెద్దమ్మ, తల్లి మద్యం ముట్టని నెలలు. నమ్మకం త్వరగా కుదురుతుంది. చిక్కల్లా బలాల జాబితా పెరిగేకొద్దీ ప్రమాదం కాగితం మీంచి మాయమవడం. తల్లికి బిడ్డంటే ప్రాణం, అది బలమే. ఆమె తాగి పడుకున్న రాత్రి పసిబిడ్డను ఎవరు చూశారన్నదే భద్రత. అందుకే రాసిన ప్రతి బలం పక్కనా అది బిడ్డను ఎప్పుడు, ఎలా కాపాడిందో రాయాలి.

అమెరికాలోని మిల్వాకీ నగరంలో స్టీవ్ డి షేజర్, ఇన్సూ కిమ్ బర్గ్ అనే చికిత్సకులు మలచిన పరిష్కార కేంద్రిత పద్ధతి మినహాయింపులను, అంటే సమస్య తలెత్తని సందర్భాలను వెతుకుతుంది: "కోపం వచ్చినా చెయ్యి చేసుకోని రోజు ఏం చేశారు?" తర్వాత కొలబద్ద. 0 అంటే బిడ్డ ఇంట్లో ఉండలేనంత ప్రమాదం, 10 అంటే కేసు మూసేయొచ్చు. తండ్రి 7 అని, కేసు చూసే సామాజిక కార్యకర్త 3 అని అంటే ముందు ఆ తేడా గురించే మాట్లాడాలి. ఒక్క అంకె పెరగాలంటే ఏం మారాలి? "బాగా చూసుకుంటాను" అన్న జవాబు చాలదు. ఎవరు, ఏ రోజు, ఏం చేస్తారో తేలేదాకా అడగాలి.

గడువు తక్కువైతే రెండోదే మేలు. ఏళ్లుగా సాగే నిర్లక్ష్యానికి మొదటిది. గాయం ఎలా తగిలిందో తేలకముందు, బిడ్డతో విడిగా మాట్లాడకముందు ఏదీ విచారణకు బదులు కాదు.