రాత్రిపూట మెల్లగా సంగీతం వినడానికి ఏది మేలు: చిన్న వాల్వ్ ఆంపా, టోన్ కంట్రోల్స్ ఉన్న మామూలు ఇంటిగ్రేటెడా?

"ఇంట్లో అందరూ పడుకున్నాక ఓ గంట మెల్లగా కచేరీయో, వెస్టర్న్ క్వార్టెట్టో వింటాను, గట్టిగా పెట్టే అవకాశమే లేదు, ఏ ఆంప్ ఏ స్పీకర్లు తీసుకోమంటారు" అని నన్ను అడిగేవాళ్ళు ఎక్కువైపోయారు. అడిగినవాళ్ళలో చాలామంది అప్పటికే రెండిట్లో ఏదో ఒకటి అని ఫిక్సయి ఉంటున్నారు. ఒకటి, ఎనిమిది వాట్ల సింగిల్ ఎండెడ్ వాల్వ్ ఆంప్ (గాజు వాక్యూమ్ ట్యూబులతో నడిచే ఆంప్లిఫయర్), దానికి 95 డెసిబెల్స్ పైన సెన్సిటివిటీ, అంటే కొద్దిపాటి పవర్‌కే గట్టిగా మోగే గుణం, ఉన్న స్పీకర్లు. రెండోది, యాభై అరవై వాట్ల సాలిడ్ స్టేట్ ఇంటిగ్రేటెడ్ (ట్రాన్సిస్టర్లతో నడిచే, అన్నీ ఒకే పెట్టెలో ఉన్న ఆంప్), దానికి స్టాండు మీద పెట్టుకునే 86, 87 డెసిబెల్స్ చిన్న స్పీకర్లు. నేను రెండు రకాలతోనూ కాపురం చేశాను, ఈ మధ్యే రెండోదానికి వచ్చేశాను, ఎందుకో చెప్తాను.

ముందు వాట్ల సంగతి తేల్చేద్దాం, ఎందుకంటే అందరూ అక్కడే ఆగిపోతున్నారు. 87 డెసిబెల్స్ స్పీకర్ అంటే ఒక వాట్ ఇస్తే మీటరు దూరంలో 87 డెసిబెల్స్. మీరు రెండున్నర మీటర్ల దూరంలో కూర్చున్నారు, గదిలో ఓ ఆరు డెసిబెల్స్ పోయాయి అనుకోండి, 81 మిగిలింది. రాత్రిపూట మెల్లగా వినేది సగటున 65 దాటదు, దానికి కావలసింది వాట్‌లో నలభయ్యో వంతు. మధ్యలో గాయకుడు ఒక్కసారి పైస్థాయికి వెళ్ళినా, మృదంగం గట్టిగా పడినా, దాని మీద ఇంకో ఇరవై డెసిబెల్స్ వేసుకున్నా రెండున్నర వాట్లు. అంటే ఎనిమిది వాట్లూ చాలు, అరవై వాట్లూ చాలు. తేడా వాట్లలో లేదు, వాల్యూమ్ నాబ్ అడుగు భాగంలో ఆంప్ ఎలా ఉంటుంది అన్నదాంట్లో ఉంది.

అసలు నా దృష్టిలో మొత్తం తేల్చేసేది మన చెవి. శబ్దం తగ్గేకొద్దీ చెవికి కింది స్వరాలు మిగతావాటికంటే త్వరగా వినపడటం మానేస్తాయి. ఫ్లెచర్, మన్సన్ అనే ఇద్దరు 1933లోనే దీన్ని కొలిచి గ్రాఫులు వేశారు, తర్వాత వేరేవాళ్ళు మళ్ళీ కొలిచి వేసిన గ్రాఫులు ఐఎస్ఓ 226 అనే అంతర్జాతీయ ప్రమాణంగా వచ్చాయి. ఆ లెక్కన 1000 హెర్ట్జ్ దగ్గర 40 డెసిబెల్స్‌లో ఎంత గట్టిగా వినిపిస్తుందో, 63 హెర్ట్జ్ దగ్గర అంతే గట్టిగా వినపడాలంటే దాదాపు 73 డెసిబెల్స్ కావాలి. ముప్పై పైన తేడా! గట్టిగా పెట్టుకుంటే ఈ తేడా బాగా తగ్గిపోతుంది, అందుకే పగలు అద్భుతంగా ఉన్న సిస్టమ్ రాత్రి నీరసంగా, పీలగా అనిపిస్తుంది. సిస్టమ్ మారలేదు, ఆంప్ "వేడెక్కలేదు" అనేది కూడా కాదు, మన చెవి పని చేసే తీరే అంత.

వీణ రికార్డింగ్ ఒకటి పెట్టుకుని చూడండి, సారణి తీగ మీద గమకాలు ఎంత మెల్లగా పెట్టినా తెలుస్తూనే ఉంటాయి, వాయిస్తున్నవాళ్ళు అన్నిటికంటే కింది శ్రుతిలో ఉండే అనుమంద్రం తీగ మీదికి దిగినప్పుడు మాత్రం స్వరం ఏదో తెలుస్తుంది గానీ ఆ బరువు ఉండదు, కుండలో నీళ్ళు లాగేసినట్టు డొల్లగా వినపడుతుంది. ఆ తీగ మూల స్వరం శ్రుతిని బట్టి అరవై హెర్ట్జ్ చుట్టుపక్కల ఉంటుంది, పై హార్మోనిక్స్ వల్ల స్వరం పోల్చుకోగలుగుతాం అంతే. మృదంగం ఎడమ పక్క కూడా ఇదే కథ, కుడిచేతి చాపు టక్కుమని వినిపిస్తుంది, ఎడమచేతి గుమికి మాయం. వెస్టర్న్‌లో చెల్లో, డబుల్ బేస్ అంతే.

దీనికి మందు లౌడ్‌నెస్ కంట్రోల్, అంటే శబ్దం తగ్గించినప్పుడు కింది స్వరాలని తగినట్టు పెంచేది, అది లేకపోతే కనీసం టోన్ కంట్రోల్స్, అంటే బాస్ ట్రెబుల్ నాబులు. "ప్యూర్ సిగ్నల్ పాత్" అని టోన్ కంట్రోల్స్ తీసేసిన ఆంపులు చాలా ఉన్నాయి, గట్టిగా వినేవాళ్ళకి అది సరే, మెల్లగా వినేవాళ్ళకి మాత్రం కావలసిన పనిముట్టునే పీకేసి ఇచ్చినట్టు. నేను చూసిన వాల్వ్ ఆంపుల్లో ఈ నాబులు ఉన్నవి అరుదు. అదే యమహా ఇంటిగ్రేటెడ్లలో కొన్నిటికి మెల్లమెల్లగా తిరిగే లౌడ్‌నెస్ నాబ్ ఉంటుంది, ముందు వాల్యూమ్ మీరు వినే గట్టి లెవెల్లో పెట్టుకుని అక్కడ్నించి శబ్దం తగ్గించడం లౌడ్‌నెస్ నాబ్‌తో చేస్తే కింది స్వరాల బ్యాలెన్స్ పాడవకుండా తగ్గుతుంది, చాలామంది అది ఉన్నా వాడరు. ఉన్న ఆంప్‌ని మార్చలేనివాళ్ళు డాక్ (డిజిటల్ పాటని ఆంప్‌కి ఇచ్చే సిగ్నల్‌గా మార్చే పెట్టె) వైపు చూడొచ్చు, ఆర్ఎంఈ ఏడీఐ-2 డాక్‌లో లౌడ్‌నెస్ లోపలే ఉంది.

రెండోది హిస్సు, హమ్ము, అంటే పాట లేనప్పుడు కూడా స్పీకర్ నించి వచ్చే బుస, గుంయ్‌మనే చప్పుడు. ఇక్కడ స్పెక్ షీట్లు జాగ్రత్తగా చదవాలి. సిగ్నల్ టు నాయిస్ (పాటకీ ఆ చప్పుడుకీ మధ్య దూరం) 100 డెసిబెల్స్ అని రాస్తే అది సాధారణంగా ఫుల్ పవర్ దగ్గర. వంద వాట్ల ఆంప్‌కి 100 అని, పది వాట్ల ఆంప్‌కి 92 అని రాసి ఉంటే, లెక్క కడితే 8 ఓమ్స్ దగ్గర మొదటిదాని నాయిస్ దాదాపు 280 మైక్రోవోల్టులు, రెండోదానిది 225. అంటే నంబర్ చిన్నగా ఉన్నదే నిశ్శబ్దంగా ఉంది. ఇంతవరకూ చిన్న ఆంప్‌కే లాభం, అయితే వాల్వ్ ఆంప్ పక్కన ఉండేది సెన్సిటివ్ స్పీకర్ కదా. ఒక మిల్లీవోల్ట్ హమ్ ఉంటే 87 డెసిబెల్స్ స్పీకర్‌లో అది మీటరు దూరంలో 18 డెసిబెల్స్, గదిలో కలిసిపోతుంది, అదే 100 డెసిబెల్స్ స్పీకర్‌లో 31, అర్ధరాత్రి నిశ్శబ్దంలో తంబూరా వెనకాల ఇంకో తంబూరా మోగుతున్నట్టు, అదీ శ్రుతి కలవకుండా. నన్ను వాల్వ్ నించి బయటికి లాగింది మొదట ఇదే.

మూడోది ఎవరూ చెప్పనిది, వాల్యూమ్ నాబ్. డాక్ రెండు వోల్టులు ఇస్తుంది, ఆంప్ గెయిన్ (సిగ్నల్‌ని ఎన్ని రెట్లు పెంచుతుందో అది) ఎక్కువ, దాంతో రాత్రి లెవెల్ నాబ్ ఇంకా పూర్తిగా కదలకముందే వచ్చేస్తుంది. మామూలు వాల్యూమ్ నాబుల్లో ఉండే పొటెన్షియోమీటర్లు ఆ అడుగు భాగంలో ఎడమ కుడి సమానంగా ఉండవు. నా పాత ఆంప్‌లో ఒక రాత్రి ఆలాపన వింటుంటే గొంతు నడిమధ్య నించి ఎడమ స్పీకర్ వైపు జరిగి కూర్చుంది, నాబ్‌ని వెంట్రుకవాసి పెంచితే మళ్ళీ మధ్యకి వచ్చింది, తగ్గిస్తే మళ్ళీ ఎడమకి. నెలల తరబడి స్పీకర్లు అటూ ఇటూ జరుపుతూ గదిని తిట్టుకున్నాను, తప్పు నాబ్‌ది. డాక్‌లో డిజిటల్ వాల్యూమ్ ఇరవై డెసిబెల్స్ తగ్గించి ఆంప్ నాబ్‌ని గడియారం ముల్లు లెక్కన పదింటి దగ్గరికి తెచ్చుకుంటే సర్దుకుంది, 24 బిట్ డాక్‌లో ఆ మాత్రం తగ్గింపుకి నష్టమేమీ వినపడదు. కొత్తగా కొనేవాళ్ళు మాత్రం రిలేలతోనో చిప్‌తోనో వాల్యూమ్ నడిచే ఆంప్ చూసుకోండి.

వాల్వ్‌కి అన్యాయం చేయను. సింగిల్ ఎండెడ్ అంటే క్లాస్ ఏ, సిగ్నల్‌ని రెండు సగాలుగా పంచకుండా మొత్తంగా పెంచేది, కాబట్టి ఆ సగాలు అతికేచోట వచ్చే క్రాసోవర్ డిస్టార్షన్ అనే మాటే ఉండదు, మెల్లటి శబ్దంలో అది చిన్న విషయం కాదు. గొంతు ఒక్కటే, తంబూరా ఒక్కటే ఉన్న రికార్డింగ్ అయితే ఆ నిండుదనం ఇప్పటికీ గుర్తొస్తుంది. కానీ దానికి జతగా కావలసిన సెన్సిటివ్ స్పీకర్‌లో బాస్ కూడా కావాలంటే బాక్స్ పెద్దది అయి తీరాలి, ఫిజిక్స్‌లో దీనికి తప్పించుకునే దారి లేదు. చిన్న గదిలో ఆ బీరువాల్లాంటి స్పీకర్లకి మీరు దగ్గరగా కూర్చోలేరు.

దగ్గరగా కూర్చోవడమే మెల్లగా వినేవాళ్ళకి ఉన్న పెద్ద వరం. దూరం సగం చేస్తే స్పీకర్ నించి నేరుగా వచ్చే శబ్దం ఆరు డెసిబెల్స్ పెరుగుతుంది, పక్కగదికి వెళ్ళేది మాత్రం పెరగదు. బీబీసీ వాళ్ళు అవుట్‌సైడ్ బ్రాడ్‌కాస్ట్ వ్యానుల్లో ఇంజనీర్లు దగ్గర కూర్చుని వినడానికి చేయించిన ఎల్ఎస్3/5ఏ చూడండి, 83 డెసిబెల్స్ కూడా దాటని, అన్ని వైపులా మూసేసిన (సీల్డ్) చిన్న బాక్స్, లోతైన బాస్ లేదు, అయినా మీటరున్నర దూరంలో మెల్లగా పెడితే మనిషి గొంతు ఎంత సహజంగా ఉంటుందో. నేను ఇప్పుడు వింటున్నది ఆ కోవదే, 86 డెసిబెల్స్ సీల్డ్ స్పీకర్, గోడకి జానెడు దూరంలో పెట్టాను, గోడ వల్ల వచ్చే బాస్ పైన లౌడ్‌నెస్ కొంచెం, సరిపోతుంది.

మిగతావి క్లుప్తంగా. యాక్టివ్ మానిటర్లు (ఆంప్ లోపలే ఉన్న స్పీకర్లు) మంచివే, కాకపోతే దగ్గర కూర్చుంటే ట్వీటర్ (పై స్వరాలు పలికే చిన్న భాగం) హిస్ వినపడేవి ఉన్నాయి, విని తీసుకోండి. ఎలెక్ట్రోస్టాటిక్స్ (పల్చటి పొర కదిలి మోగే పలకల్లాంటి స్పీకర్లు) అందం వేరు, స్థలం కావాలి. సౌండ్‌బార్ ఈ పనికి వద్దు. హెడ్‌ఫోన్స్ అయితే ఇంట్లోవాళ్ళు లేస్తారన్న బాధ లేదు, కాకపోతే నాకు గంటసేపు తల మీద పెట్టుకోవడం పడదు.

ఒక్కటి మాత్రం ఏ ఆంపూ తీర్చలేదు. పూర్తి ఆర్కెస్ట్రా సింఫనీలో మెల్లటి భాగానికీ గట్టి భాగానికీ మధ్య దూరం చాలా ఎక్కువ, గట్టిది ఇంటికి సరిపోయేలా తగ్గిస్తే మెల్లటిది ఫ్యాన్ చప్పుడు కింద మునిగిపోతుంది. రాత్రికి వీణ, వేణువు, క్వార్టెట్, సోలో పియానో ఉంచుకుని సింఫనీలు పగటికి వదిలేయడం మంచిది.

కొనేముందు వినడానికి వెళ్తే వాళ్ళు గట్టిగానే పెడతారు. మీరే నాబ్ తీసుకుని పక్కవాళ్ళతో గొంతు పెంచకుండా మాట్లాడగలిగేంత దాకా తగ్గించండి, గాత్రం వెనక తంబూరా మంద్ర షడ్జం తీగ మీటినప్పుడల్లా విడిగా తెలుస్తోందో లేదో చూడండి, గాయకుడు నడిమధ్యలో ఉన్నాడో లేదో చూడండి. ఆ తర్వాత పాట ఆపేసి, చెవి ట్వీటర్ దగ్గర పెట్టండి.