కనిపించని దెయ్యం, కళ్లెదుటి దెయ్యం
రాంగోపాల్ వర్మ 1992లో తీసిన ‘రాత్రి’ సినిమాకీ, కోడి రామకృష్ణ దర్శకత్వంలో 2009లో వచ్చిన ‘అరుంధతి’కీ భయపెట్టే పద్ధతిలోనే తేడా ఉంది. మొదటిదానిలో దెయ్యం దాదాపు కనిపించదు. కారు కింద పడి చనిపోయిన పిల్లి, ఇంటి అడుగునున్న నేలమాళిగ, మనిషిని వెంటాడుతున్నట్టు కదిలే కెమెరా, మధ్యమధ్య బిగుసుకునే నిశ్శబ్దం, ఇవే మన ఊహను రెచ్చగొట్టి ఖాళీ గదిని సైతం అనుమానంగా చూసేలా చేస్తాయి. సినిమా ముగిశాక ఇంట్లో లైటు ఆర్పడానికి జంకించేది ఈ పద్ధతేనని నేను గట్టిగా నమ్ముతాను. ‘అరుంధతి’ మాత్రం గద్వాల కోటను, సమాధి నుంచి బయటపడిన విలన్ పశుపతిని, గ్రాఫిక్స్‌ను, హోరెత్తే సంగీతాన్ని కళ్లెదుట నిలబెడుతుంది; కథానాయిక జేజమ్మ పౌరుషం తోడవడంతో అక్కడి భయం చివరికి పగ తీరిన తృప్తిగా మారుతుంది.