అమ్మ చెప్పాలా, బడి చెప్పాలా?

మా అమ్మాయి ఏడో తరగతి. గాజువాకలో వాళ్ల బడి నుంచి మొన్న ఒక కాగితం తెచ్చింది. ఎదిగే వయసులో శరీరం గురించి, భద్రత గురించి రెండు క్లాసులు పెడతారట, మా సంతకం కావాలట. పేరెంట్స్ మీటింగులో ఒకావిడ లేచి, "ఆ మాటలేవో ఇంట్లో మేం చెప్పుకుంటాం కదండీ" అన్నారు. వెనక నుంచి ఒకాయన, "ఎవరింట్లో చెబుతున్నారండీ?" అన్నారు. ఇంటికొచ్చాక కూడా ఆ రెండు మాటలూ నన్ను వదల్లేదు.

ఇంటి వైపు బలం ఉంది. నేను దోసెలు పోస్తుంటే పక్కన నిలబడి, పెనం వైపే చూస్తూ మా పిల్ల నెలసరి గురించి అడిగింది. నేనూ పెనం వైపే చూస్తూ చెప్పాను. ఒక దోసె మాడింది. ఎదురెదురుగా కూర్చోబెట్టి ఉంటే అడిగేది కాదు. నలభై మంది ఉన్న క్లాసులో అలా కుదరదు. ఏ పిల్లకి ఏ మాట ఎప్పుడు చెప్పాలో ఇంట్లోవాళ్లకి తెలిసినట్టు టీచరుకి తెలియదు.

అయితే నా సంగతీ చెప్పాలి. నేను పెద్దమనిషినైనప్పుడు వీధిలో అందర్నీ పిలిచి, చిమ్మిలి తినిపించి, హారతిచ్చారు. ఆ రక్తం ఎందుకొస్తోందో ఒక్కరూ చెప్పలేదు. ఏదో పెద్ద జబ్బు చేసిందని రాత్రిళ్లు ఏడ్చాను. బడిలోనూ అంతే. పదో తరగతిలో ప్రత్యుత్పత్తి పాఠం రాగానే మాస్టారు "ఇది మీరే చదువుకోండి" అని పేజీలు తిప్పేశారు. అప్పుడు మాకు పక్కింటి అక్కలే దిక్కు. ఇప్పటి పిల్లలకి ఫోను.

బడే చెప్పాలనడానికి నాకు అన్నిటికన్నా గట్టిగా తగిలే కారణం వేరే ఉంది. 2007లో కేంద్ర స్త్రీ, శిశు అభివృద్ధి శాఖ మన రాష్ట్రంతో కలిపి 13 రాష్ట్రాల్లో చేసిన అధ్యయనంలో 53 శాతం మంది పిల్లలు ఏదో ఒక రకం లైంగిక వేధింపు ఎదుర్కొన్నామని చెప్పారు. వేధించినవాళ్లలో సగం మంది తెలిసినవాళ్లూ, నమ్మినవాళ్లూనే. ఆ మనిషి ఇంట్లోనే ఉంటే, ఆ కాగితం మీద సంతకం పెట్టాల్సింది ఎవరు? విషయం తెలిసినవాళ్లు పోలీసులకి చెప్పి తీరాలని పిల్లల మీద లైంగిక నేరాలకి సంబంధించిన 2012 నాటి పోక్సో చట్టం అంటోంది. దాచిపెడితే శిక్ష కూడా ఉంది. కానీ జరిగింది ఇదీ అని చెప్పడానికి ముందు ఆ పిల్ల దగ్గర మాటలుండాలి. పిల్లల సహాయ నంబరు 1098కి ఫోన్ చెయ్యొచ్చని తెలిసుండాలి.

అలాగని అంతా బడికే వదిలెయ్యలేను. పాఠం ఒకసారి చూపించమని అడిగితే, "బయటివాళ్లొచ్చి చెబుతారు, మా దగ్గర ఏమీ లేదు" అన్నారు. నా కూతురికి ఏం చెబుతారో తెలియకుండా తలూపమంటే ఎలా?

ఇంగ్లండులో 2020 నుంచి హైస్కూళ్లలో ఈ చదువు తప్పనిసరి. లైంగిక విద్య క్లాసు వద్దని అమ్మానాన్నలు అడగొచ్చు గానీ, పదహారేళ్లు నిండడానికి మూడు టర్ముల ముందు నుంచి పిల్లలే కావాలంటే చెప్పి తీరాలి. సైన్సులో వచ్చే పాఠాన్ని మాత్రం ఎవరూ తప్పించలేరు. నాకు ఈ పద్ధతి నచ్చింది. మన దగ్గరైతే భద్రత పాఠాన్ని కూడా ఆ తప్పించలేని వాటిలో కలపాలంటాను. శరీరం ఎలా మారుతుందో, ఎవరైనా చెయ్యి వేస్తే ఏం చెయ్యాలో చెప్పడానికి ఎవరి సంతకమూ అడగకూడదు. ప్రేమలు, సంబంధాలు, గర్భనిరోధకాల పాఠాలైతే వారం ముందే మాకు చూపించాలి. వద్దనుకున్నవాళ్లు తమ పిల్లల్ని ఆ గంట పక్కన కూర్చోబెట్టుకుంటారు.

సంతకం పెట్టాను. దాని కింద రెండు ముక్కలు రాశాను: "పాఠం ముందుగా మాకు పంపండి. మగపిల్లలకీ ఈ క్లాసు పెట్టండి."