సెకండ్ హ్యాండ్ మాక్రో లెన్స్ కొనేవాళ్లు జాగ్రత్త: కోఠిలో నాకు జరిగింది ఇది

ఇంకా కోపం తగ్గలేదు, అయినా ఇప్పుడే రాసేస్తున్నాను. ఈ వారం ఇంకెవరైనా ఆ షాపుకే వెళ్తారేమో అని భయం. పేరు రాయను. కోఠిలో పాత లెన్సుల కోసం తిరిగినవాళ్లకు ఏదో అర్థమైపోతుంది.

మా మిద్దె మీద మందారాలు, నందివర్ధనాలు, శంఖుపుష్పాలు ఉన్నాయి. వాటిని దగ్గరగా తీయాలని 100 ఎంఎం మాక్రో లెన్స్ కొన్నాను, 18 వేలకు. "లోపల ఫంగస్ లేదు కదా అన్నా?" అని అడిగాను. ఫంగస్ అంటే లెన్స్ లోపలి అద్దాలకు పట్టే బూజు. "నాదీ గ్యారంటీ అమ్మా, కళ్లు మూసుకుని తీసుకెళ్లండి" అన్నాడు. అక్కడే ట్యూబ్‌లైట్ కింద కెమెరాకు తగిలించి రెండు ఫోటోలు తీసి చూపించాడు. బాగానే వచ్చాయి.

ఇంటికొచ్చి పొద్దున్నే ఒంటిరేకు మందారం తీశాను. ఎండ పువ్వు వెనక నుంచి వస్తోంది, రేకుల్లో ఈనెలు కనిపించే వేళ. ఫోటోలో మాత్రం ఎరుపు వెలిసిపోయింది, మొత్తం తెల్లటి పొర. కేసరాల మీద పుప్పొడి గింజలు విడివిడిగా కనిపించాల్సింది, ముద్దగా ఉన్నాయి. లెన్స్ విప్పి వెనక నుంచి టార్చి వేసి చూస్తే లోపలి అద్దం అంచున సాలెగూడులా సన్నని పోగులు, మధ్య వరకూ పాకి ఉన్నాయి. ఫంగసే.

వెంటనే తీసుకెళ్లాను. అతను లెన్స్ చేతిలోకి కూడా తీసుకోలేదు. "ఇచ్చినప్పుడు క్లీన్‌గానే ఉంది మేడమ్. మీరే మొక్కలకు నీళ్లు పోస్తూ తడిలో పెట్టుంటారు" అన్నాడు. ఫంగస్ రాత్రికి రాత్రి పుడుతుందా? తేమ ఉన్నచోట, చీకట్లో, వాడకుండా చాలాకాలం పడి ఉంటే పెరిగేది అది. ఆ మాటే అన్నాను. అప్పుడు పక్కనున్న కస్టమర్ల వైపు తిరిగి, "ఇంట్లో పువ్వులు తీసుకోడానికి ఫోన్ చాలదా మేడమ్, ఇదంతా మీకెందుకు?" అన్నాడు. ఇద్దరు నవ్వారు. డబ్బు పోయినదానికంటే ఆ మాటే ఎక్కువ మండింది. పెళ్లిళ్లు తీసేవాళ్ల డబ్బు మాత్రమే డబ్బా? నేను నెలనెలా దాచుకుని ఇచ్చింది కాదా?

బిల్లు మీద "అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు" అని ముద్ర ఉంది, దాన్ని వేలితో చూపించి లోపలికెళ్లిపోయాడు. లోపమున్న సరుకు వెనక్కి తీసుకోననడం, డబ్బు తిరిగివ్వననడం 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం అక్రమ వ్యాపార పద్ధతి కిందికే వస్తుంది. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించాను.

కొనేవాళ్లకు: రెండు మూతలూ తీసి, వెనక నుంచి ఏటవాలుగా టార్చి వేసి ముందు నుంచి చూడండి. షాపులో లైటు కింద తీసే ఫోటోలో ఇది బయటపడదు, బయటికెళ్లి ఎండకు ఎదురుగా ఒకటి తీయండి. ఫంగస్ ముదిరితే అద్దం మీద కోటింగ్‌ను తినేస్తుంది, క్లీన్ చేయించినా మచ్చ మిగులుతుంది. "ఫంగస్ లేదు" అని బిల్లు మీద రాయించుకోండి, రాయనంటే వచ్చేయండి.

ఇప్పుడిప్పుడే మొదలుపెట్టేవాళ్లైతే అసలు మాక్రో లెన్స్ కోసం తొందరపడక్కర్లేదు. కెమెరాతో వచ్చిన లెన్స్‌కే ఎక్స్‌టెన్షన్ ట్యూబ్ (కెమెరాకూ లెన్స్‌కూ మధ్య పెట్టే ఖాళీ గొట్టం) తగిలిస్తే మందారం కేసరాలు నిండుగా వస్తాయి. ట్యూబ్‌లో ఎలక్ట్రికల్ కాంటాక్టులు ఉన్నాయో లేదో చూసుకోండి. లేకపోతే ఆటోఫోకస్ పనిచేయదు.

అదే షాపులో ఈ మధ్య లెన్స్ కొన్నవాళ్లు ఇవాళే టార్చి వేసి చూసుకోండి, బిల్లు పారేయకండి. నాలాగే జరిగి ఉంటే మీరూ 1915కి చెప్పండి.