బర్మింగ్‌హామ్ వెళితే బెతెల్ చర్చి చూడకుండా రావద్దు

పోయిన వారం లాంగ్ వీకెండ్‌కి అట్లాంటా నుంచి అలబామాలోని బర్మింగ్‌హామ్ వెళ్లొచ్చాం. నేను, మా ఆవిడ, పాప, ఇండియా నుంచి వచ్చిన అమ్మ. ఐ-20 మీద రెండున్నర గంటల డ్రైవ్. అలబామాలో టైము ఒక గంట వెనక, కాబట్టి పొద్దున తొమ్మిదికి బయల్దేరితే అక్కడి టైము ప్రకారం పదిన్నరకే చేరిపోతారు. హోటల్ రాత్రికి 94 డాలర్లు, పన్నులు వేరే. గది శుభ్రంగా ఉంది.

నా బాధంతా టూర్ గురించే. అమ్మ ఈ ఊరు రావాలనుకున్నదే, నల్లవాళ్ల హక్కుల కోసం పోరాడిన పాస్టరు ఫ్రెడ్ షటిల్స్‌వర్త్ గారి బెతెల్ చర్చి చూడాలని. మా తాతయ్య ఒంగోలు దగ్గర ఒక పల్లెలో బాప్టిస్టు పాస్టరు. అమ్మ పుట్టి పెరిగింది చర్చి పక్కన పాస్టరు గారి ఇంట్లోనే. అందుకే బుక్ చేసేటప్పుడు ఫోన్‌లో రెండుసార్లు అడిగాను, బెతెల్ చర్చి చూపిస్తారా అని. చూపిస్తామన్నారు. మనిషికి 48 డాలర్లు, నలుగురికీ 192. నాలుగు గంటల టూర్ అన్నారు.

రెండుంబావు గంటల్లో ముగించేశారు. కెల్లీ ఇన్‌గ్రమ్ పార్కు, 1963లో బాంబు పెట్టి నలుగురు ఆడపిల్లల్ని చంపిన 16వ వీధి బాప్టిస్టు చర్చి, అంతే. బెతెల్ ఏదండీ అంటే, ఆ పేట దూరం, రైళ్లు అడ్డం పడతాయి, అయినా ఆయన పేరు ఎయిర్‌పోర్టుకి పెట్టారుగా, అక్కడ చూస్తార్లే అన్నాడు గైడు. డబ్బు వాపసు అడిగితే కుదరదన్నారు. ఆ పార్కుకి టికెట్ లేదు, చర్చి పార్కు ఎదురుగానే. రెండూ మనంతట మనం నడిచి చూడొచ్చు. మా ఆవిడకి ఒళ్లు మండిపోయింది. అమ్మ మాత్రం హోటల్‌కి వచ్చేదాకా ఒక్క మాట మాట్లాడలేదు. నాకు అదే కష్టంగా అనిపించింది.

ఆ సాయంత్రమే చర్చికి ఫోన్ చేశాను. పొద్దున పదకొండుకి రమ్మన్నారు. కాలేజ్‌విల్ అనే ఆ పేట డౌన్‌టౌన్ నుంచి పది నిమిషాలే. రైళ్ల సంగతి మాత్రం నిజం. పేట చుట్టూ పట్టాలే. మా ముందు ఒక గూడ్సు బండి ఇరవై ఐదు నిమిషాలు కదలకుండా నిలబడిపోయింది. చర్చి చూపించాల్సిన ఆవిడ వెళ్లిపోతారేమోనని నాకు ఒకటే టెన్షన్. లేదు, మెట్ల మీద నిలబడి ఉన్నారు. ఇక్కడ రైలు అందరినీ ఆపుతుంది, తొందరేం లేదన్నారు.

1926లో కట్టిన ఇటుక చర్చి అది. షటిల్స్‌వర్త్ గారు 1953లో ఇక్కడికి పాస్టరుగా వచ్చారు. 1956లో రాష్ట్రం నల్లవాళ్ల హక్కుల సంఘం ఎన్‌ఏఏసీపీని నిషేధిస్తే, కొద్ది రోజుల్లోనే అలబామా క్రిస్టియన్ మూవ్‌మెంట్ ఫర్ హ్యూమన్ రైట్స్ అని కొత్త సంఘం పెట్టేశారు. ఆ ఏడాది క్రిస్మస్ రాత్రి ఆయన మంచం మీద ఉండగా ఇంటి కింద డైనమైట్ పేలింది. ఆనాటి ఇల్లు ఇప్పుడు లేదు, చోటు చూపించారు. అమ్మ అక్కడి నుంచి చర్చి గోడ దాకా అడుగులు వేసి చూసుకుంది. "మా ఇల్లూ ఇంతే దూరం. కిటికీ తీస్తే చర్చి గోడే" అంది. తర్వాత, "పిల్లలు ఇంట్లోనే ఉన్నారా?" అని అడిగింది. ఉన్నారు. భార్య, పిల్లలు, ఆయనా, అందరూ ప్రాణాలతో బయటపడ్డారు. ఊరు వదిలి పొమ్మని ఒక పోలీసు సలహా ఇస్తే, పారిపోవడానికి దేవుడు నన్ను బతికించలేదన్నారట. మర్నాడే జనాన్ని వెంటబెట్టుకుని బస్సుల్లో తెల్లవాళ్ల సీట్లలో కూర్చున్నారు.

1957 సెప్టెంబరులో కూతుళ్లని తెల్లవాళ్ల ఫిలిప్స్ హైస్కూల్లో చేర్పించడానికి వెళితే తెల్లవాళ్లు గుంపుగా వచ్చి ఆయన్ని గొలుసులతో కొట్టారు, భార్య రూబీ గారిని కత్తితో పొడిచారు. ఆస్పత్రిలో డాక్టరు, అన్ని దెబ్బలు తిన్నా తలకి పెద్దగా ఏమీ కాలేదని ఆశ్చర్యపోతే, ఇది గట్టి ఊరని తెలిసే దేవుడు నాకు గట్టి పుర్రె ఇచ్చాడన్నారట. అమ్మ నవ్వింది, కళ్లు తుడుచుకుంది. తర్వాతి ఏడాది చర్చి దగ్గర పెట్టిన బాంబు డబ్బాని, కాపలా ఉన్న విల్ హాల్ గారు చేతులతో ఎత్తి వీధిలోకి మోసుకుపోయారు. ఆ వీధిలోనే మా కారు ఆపుకున్నాం. అది తెలిశాక మా పాప కారెక్కేముందు ఆ రోడ్డుని చాలాసేపు చూసింది.

గంటన్నర ఉన్నాం. టికెట్ లేదు. అమ్మ పర్సులోంచి యాభై డాలర్లు తీసి కానుక పెట్టెలో వేసింది. మీరు వెళ్లేట్టయితే ముందు రోజే ఫోన్ చేయండి, రైలు కోసం అరగంట చేతిలో ఉంచుకోండి, టూర్ వాళ్లని మాత్రం నమ్మకండి.

తిరుగు దారిలో ఆనిస్టన్ అనే ఊరి బోర్డు కనపడింది. బస్సుల్లో తెల్లవాళ్లు, నల్లవాళ్లు వేరువేరుగా కూర్చోవాలన్న పద్ధతిని ఎదిరిస్తూ ప్రయాణించిన ఫ్రీడమ్ రైడర్ల బస్సుని 1961లో అక్కడ తగలబెడితే, ఆస్పత్రిలో చిక్కుకున్న వాళ్లని తీసుకురావడానికి షటిల్స్‌వర్త్ గారే బర్మింగ్‌హామ్ నుంచి కార్లు పంపారు. పాపకి చెబుతుంటే వెనక సీట్లోంచి అమ్మ, ఆ సంఘం వాళ్ల ఆదివారం ఆరాధన ఎన్నింటికో కనుక్కోరా అంది. కనుక్కున్నాను. ఈ ఆదివారం మళ్లీ వెళుతున్నాం.